సెన్సర్ చెడిందా, సెన్సర్ దాకా వెళ్ళే వైరు చెడిందా?

డ్రైవర్ సీటు ముందుకు ఉందో వెనక్కి ఉందో కనిపెట్టే పొజిషన్ సెన్సర్ గురించి కొంతకాలంగా పాఠకుల నుంచి ప్రశ్నలు వస్తున్నాయి. అవన్నీ ఇంచుమించు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నందువల్ల వాటిలో నాలుగింటిని ఎంచుకొని ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరంలో పరిశీలించవలసిన విషయం ఎక్కువగా ఉంది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: మా కారు కొని ఏడేళ్ళయింది. నేను పొట్టిగా ఉంటాను కాబట్టి సీటును బాగా ముందుకు జరుపుకొని నడుపుతాను. రెండు నెలలుగా డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతోంది. విచిత్రమేమిటంటే, మావారు సీటు వెనక్కి జరుపుకొని నడిపిన రోజుల్లో ఆ దీపం చాలాసార్లు వెలగడం లేదు. స్కానర్ పెట్టి చూసిన మెకానిక్ గారు డ్రైవర్ సీటు పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం అనే కోడ్ చూపించి, సెన్సర్ మార్చాలన్నారు. మార్పించాం. పది రోజులు బాగానే ఉండి, మళ్ళీ దీపం వెలిగింది. ఇప్పుడు ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌నే మార్చాలంటున్నారు. అసలు ఈ సెన్సర్ చేసే పని ఏమిటి? నిజంగా ఏది చెడిందో నిర్ధారించుకొనే మార్గం ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: కంట్రోల్ యూనిట్ మార్చే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. లోపం ఎక్కడుందో చెప్పే ఆనవాలు మీ ఉత్తరంలోనే ఉంది. సీటు ముందుకు జరిపితే దీపం వెలుగుతోంది, వెనక్కి జరిపిన రోజున వెలగడం లేదు అన్నారు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సాధారణంగా కారు మధ్యభాగంలో నేలకు బోల్టులతో బిగించి ఉంటుంది. సీటు ఎటు జరిగినా దానికి కదలిక లేదు. సీటుతో పాటు కదిలేవీ, సాగేవీ, నలిగేవీ వైర్లూ వాటి కనెక్టర్లూ మాత్రమే. కొత్త సెన్సర్ వేశాక పది రోజులు బాగుండి మళ్ళీ మొదలవడం కూడా నా దృష్టిని అటే మళ్ళిస్తోంది. సెన్సర్ మార్చేటప్పుడు కనెక్టర్‌ను ఊడదీసి తిరిగి బిగించి ఉంటారు, వైరును అటూ ఇటూ జరిపి ఉంటారు. ఆ కదలికకు తెగీతెగని వైరు పోగులు కొన్నాళ్ళు ఆనుకొని ఉండి మళ్ళీ విడిపోయి ఉండవచ్చు. కొత్త సెన్సర్ వల్ల బాగుపడినట్టు కనిపించింది, అంతే.

ఇక ఆ సెన్సర్ చేసే పని. చాలా కార్లలో డ్రైవర్ ముందుండే ఎయిర్‌బ్యాగ్ రెండు దశల్లో తెరుచుకొనేలా తయారవుతుంది. గుద్దుకొన్న తీవ్రత ఎంత, సీటు బెల్టు పెట్టుకొన్నారా లేదా, సీటు ఎంత ముందుకు ఉంది అనేవాటిని చూసుకొని, సంచిని పూర్తి బలంతో ఉబ్బించాలా, తగ్గించిన బలంతో ఉబ్బించాలా అన్నది కంట్రోల్ యూనిట్ నిర్ణయిస్తుంది. సెకనులో 20వ వంతు కంటే తక్కువ సమయంలో ఉబ్బే సంచి అది. మనిషి స్టీరింగ్‌కు బాగా దగ్గరగా కూర్చున్నప్పుడు, కాపాడవలసిన ఆ సంచి ఉబ్బే వేగమే గాయం చేయగలదు. అందుకే రొమ్ము ఎముకకూ స్టీరింగ్ నడుమ ఉండే ఎయిర్‌బ్యాగ్ మూతకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ సూచిస్తుంది. పొట్టిగా ఉండే పెద్దవాళ్ళకూ పిల్లలకూ ఎయిర్‌బ్యాగ్ వల్ల హాని తగ్గాలని ఆ దేశం 2000లో నిబంధన తెచ్చి, 2003 సెప్టెంబరు నుంచి దశలవారీగా అమలులో పెట్టింది; దాన్ని అందుకోవడానికి తయారీదారులు ఎంచుకొన్న మార్గాల్లో సీటు పొజిషన్ సెన్సర్ ఒకటి. మీ వంటి డ్రైవర్ కోసమే ఇది సీటు కింద ఉంది. కాబట్టి "దీపమే కదా, కారు నడుస్తోంది కదా" అని ఎవరైనా అంటే ఆ మాట వినవద్దు.

చూడడానికి ఇది అగ్గిపెట్టె అంత చిన్న ప్లాస్టిక్ దిమ్మ. సీటు జరిగే రైలుకు పక్కన ఒకటి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. దాని లోపల ఒక అయస్కాంతమూ, దానికి ఎదురుగా హాల్ ఎఫెక్ట్ మీద పనిచేసే చిన్న చిప్పూ ఉంటాయి. విద్యుత్తు ప్రవహించే పలక మీద అయస్కాంత క్షేత్రం పడితే దాని అడ్డంగా వోల్టేజి పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ గమనించిన సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. సీటు ఒక హద్దు దాటి ముందుకో వెనక్కో జరిగినప్పుడు, రెండో రైలుకు ఉన్న ఉక్కు రేకు ఈ దిమ్మ గాడిలోకి వస్తుంది లేదా గాడిలోంచి బయటికి పోతుంది. రేకు అడ్డుపడితే చిప్ మీద పడే అయస్కాంత క్షేత్రం మారుతుంది, దానితో సెన్సర్ తీసుకొనే కరెంటు మారుతుంది.

కరెంటు అనే మాటను ప్రత్యేకంగా గమనించండి. ఈ రకం సెన్సర్లలో ఎక్కువవాటికి రెండే వైర్లు ఉంటాయి. ఆ రెండింటి మీదే దానికి విద్యుత్తు అందుతుంది, ఆ రెండింటి మీదే కబురూ తిరిగి వెళుతుంది. ఒక స్థితిలో సుమారు 5 నుంచి 7 మిల్లీ ఆంపియర్లు, రెండో స్థితిలో సుమారు 12 నుంచి 17 మిల్లీ ఆంపియర్లు తీసుకోవడం ఈ సెన్సర్లలో తరచుగా కనిపించే కొలత. ముందున్నప్పుడు ఎక్కువ తీసుకోవాలా, వెనకున్నప్పుడు ఎక్కువ తీసుకోవాలా అన్నది కారును బట్టి మారుతుంది. వైరు తెగితే కరెంటు సున్నాకు పడిపోతుంది. వైరు తొడుగు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే హద్దు దాటి పెరుగుతుంది. ఈ రెండింటిలో ఏది జరిగినా, తాను ఎదురుచూసే రెండు విలువల్లో ఏదీ కాదు కాబట్టి, కంట్రోల్ యూనిట్ కోడ్ నమోదు చేసి దీపం వెలిగిస్తుంది.

ఆ కోడ్‌ను సరిగా చదవడం నిర్ధారణలో మొదటి మెట్టు. ఉదాహరణకు టయోటా కార్లలో బి1653 అనే కోడ్ వస్తే సీటు పొజిషన్ సెన్సర్ సర్క్యూట్ లోపం అని అర్థం. ఇందులో మనం పట్టుకోవలసింది "సర్క్యూట్" అనే మాట. సెన్సర్, రెండు వైర్లు, మధ్యలో ఉండే కనెక్టర్లు, కంట్రోల్ యూనిట్ లోపలి భాగం, ఇవన్నీ కలిస్తేనే సర్క్యూట్. కోడ్ ఆ దారిని చూపించింది, దారిలో ఏ చోట గండి పడిందో చెప్పలేదు. ఆ మాటను విడిచిపెట్టి "సెన్సర్ లోపం" అని మాత్రమే చదువుకోవడం వల్ల మంచి సెన్సర్లు ఎన్నో చెత్తబుట్టలోకి పోతున్నాయి, యజమానుల డబ్బు వృథా అవుతోంది. ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదివే చిన్న స్కానర్లు ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలోకి వెళ్ళలేవు. వాటిలో "కోడ్‌లు లేవు" అని వచ్చినా నమ్మవద్దు. ఎయిర్‌బ్యాగ్ విభాగాన్ని తెరవగల స్కానర్‌తో, ఆ కోడ్ ఇప్పుడు ఉన్న లోపమా, గతంలో వచ్చి పోయిన లోపమా, వైరు తెగినట్టు చెబుతోందా, బాడీకి తగిలినట్టు చెబుతోందా అన్నవి కాగితం మీద రాసుకోవాలి. కోడ్ చెరిపేయడం ఆ తరువాతే. ముందే చెరిపేస్తే ఆధారం పోయినట్టే.

వైర్ల జోలికి వెళ్ళే ముందు ఒక హెచ్చరిక చేయక తప్పదు. డ్రైవర్ సీటు కింద ఈ సెన్సర్ ఒక్కటే ఉండదు. చాలా కార్లలో సీటు పక్కన అమర్చిన సైడ్ ఎయిర్‌బ్యాగ్ వైర్లూ, సీటు బెల్టును బిగించే చిన్న పేలుడు పరికరం వైర్లూ అక్కడినుంచే పోతాయి. వాటి కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. కాబట్టి ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగను ఊడదీసి, సర్వీస్ మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. టయోటా మాన్యువల్ 90 సెకన్లు అంటుంది, హోండా 3 నిమిషాలు అంటుంది; మీ కారు మాన్యువల్ ఎంత అంటే అంత. కంట్రోల్ యూనిట్ లోపలి కెపాసిటర్లలో నిలవ ఉన్న విద్యుత్తు తగ్గడానికే ఆ వ్యవధి. పసుపు కనెక్టర్ల పిన్నుల మీద మల్టీమీటర్ సూదులు పెట్టనే కూడదు, ఎందుకంటే మీటరు నిరోధం కొలవడానికి పంపే కొద్దిపాటి కరెంటు కూడా అక్కడ ప్రమాదమే. విప్పిన పసుపు కనెక్టర్‌లో రెండు పిన్నులూ షార్ట్ అయినట్టు కనిపిస్తే అది లోపం కాదు. విప్పగానే ఆ రెండింటినీ కలిపి ఉంచే చిన్న రేకును తయారీదారే భద్రత కోసం అందులో పెడతాడు.

ఆ తరువాత చేయవలసిన పనికి ఏ పరికరమూ అక్కర్లేదు. మంచి టార్చిలైటు పట్టుకొని నేల మీద పడుకొని, సీటు కిందికి చూడడమే. నా అనుభవంలో ఈ లోపాల్లో చాలావాటికి జవాబు అక్కడే దొరికింది. ఒక కారులో, అచ్చం మీరు చెప్పిన లక్షణాలే. రెండుచోట్ల మెకానిక్‌లు చూసి వదిలేశారు. సీటును పూర్తిగా ముందుకు జరిపి చూస్తే, వైరును కట్టి ఉంచవలసిన ప్లాస్టిక్ క్లిప్ ఒకటి విరిగి, వైరు రైలు మీదికి వేలాడుతోంది. రైలు అంచు ఆనే చోట తొడుగు మీద నల్లటి గీత పడింది. వేలితో తడిమితే గోటికి గరుకుగా తగిలింది. భూతద్దంతో చూస్తే మూడు మిల్లీమీటర్ల మేర తొడుగు అరిగి లోపలి రాగి మెరుస్తోంది, ఏడు పోగుల్లో రెండే మిగిలాయి. సీటు వెనక్కి ఉన్నప్పుడు ఆ చోటు వదులుగా వేలాడేది, ముందుకు జరిపితే లాగినట్టయి విడిపోయేది. ఆ కారులో సెన్సర్‌కు ఏమీ కాలేదు.

మీ కారులో కూడా ముందుగా చూడవలసింది అదే. సీటును పూర్తిగా వెనక్కి, తరువాత పూర్తిగా ముందుకు జరిపి, రెండు స్థితుల్లోనూ వైరు ఎక్కడ సాగుతోందో, ఎక్కడ మడత పడుతోందో, ఎక్కడ ఇనుముకు ఒరుసుకొంటోందో గమనించండి. కనెక్టర్‌ను విప్పి పిన్నుల వంక చూడండి. సీటు కింద నీళ్ళ సీసా ఒలికినా, తడి చెప్పులతో కార్పెట్ నానినా, పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. అది పలచగా ఉన్నా ఇంత చిన్న కరెంటుకు అడ్డంకి అవుతుంది. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, టక్కుమని లాక్ పడే దాకా కనెక్టర్‌ను నొక్కాలి. వెనక సీటులో కూర్చున్నవారు కాళ్ళు ముందుకు చాపినా, సీటు కింద సంచి తోసినా ఆ లాక్ సగం ఊడిపోవడం మామూలే.

కంటికి ఏమీ కనిపించకపోతే అప్పుడు స్కానర్. అన్ని కనెక్టర్లూ తిరిగి బిగించి, బ్యాటరీ కలిపి, ఇగ్నిషన్ వేసి, లైవ్ డేటాలో (ఆ క్షణంలో అందుతున్న విలువలను స్కానర్ చూపించే చోట) డ్రైవర్ సీటు స్థితి అనే వరుసను తెరవండి. ఒకరు ఆ వరుసను చూస్తూ ఉంటే, మరొకరు సీటును ఒక్కొక్క మెట్టుగా చివరి నుంచి చివరికి నెమ్మదిగా జరపాలి. సవ్యంగా ఉన్న సెన్సర్ ఒకే ఒక్క చోట "వెనుక" నుంచి "ముందు"కు మారుతుంది, తిరుగు ప్రయాణంలో దాదాపు అదే చోట తిరిగి మారుతుంది. మధ్యలో రెపరెపలాడితే, లేదా ఒక్క క్షణం "లోపం" అని చూపించి సర్దుకొంటే, ఆ క్షణంలో సీటు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. సీటు కింద ఆ చోటునే ముందుగా వెతకాలి.

ఈ పరీక్షకు మరో ప్రయోజనం ఉంది, అది దీపం చెప్పలేని లోపాన్ని పట్టిస్తుంది. సీటు కింద పడిన హెయిర్‌పిన్నో, ఇనుప క్లిప్పో, నాణెమో పోయి సెన్సర్ గాడిలో చిక్కుకొందనుకోండి. లోపల అయస్కాంతం ఉంది కాబట్టి ఇనుప వస్తువు దానంతట అదే అతుక్కుపోతుంది. అప్పుడు ఉక్కు రేకు వచ్చినా పోయినా సెన్సర్ ఒకే విలువ చూపుతూ ఉంటుంది. ఆ విలువ కంట్రోల్ యూనిట్ ఎదురుచూసే రెండింటిలో ఒకటి కాబట్టి, చాలా కార్లలో దీపం వెలగదు. డ్రైవర్ ముందుకు జరిగి కూర్చున్నా, కంట్రోల్ యూనిట్ మాత్రం వెనకే ఉన్నారని అనుకొంటుంది. లైవ్ డేటా చూడకుండా ఈ లోపాన్ని కనిపెట్టే దారి లేదు. దీపం ఆరిపోయిందని కారు తిరిగి ఇచ్చే ముందు సీటును ఒక్కసారైనా చివరి నుంచి చివరికి జరిపి ఈ వరుస మారుతోందో లేదో చూడమని మెకానిక్‌లందరినీ అభ్యర్థిస్తున్నాను.

మీటరుతో కొలవవలసి వస్తే, అది ఎయిర్‌బ్యాగ్ పనిలో శిక్షణ ఉన్నవారు మాన్యువల్ ముందు పెట్టుకొని చేయవలసిన పని. అయినా ఏం జరగాలో మీకు తెలిసి ఉండడం మంచిది. సెన్సర్ పిన్నుల మధ్య నిరోధం కొలిచి "బాగుంది", "పోయింది" అని చెప్పేవారిని నమ్మవద్దు. లోపల ఉన్నది చిప్, తీగచుట్ట కాదు, దానికి ఓమ్‌లలో చెప్పగల స్థిరమైన విలువ లేదు. ముందుగా సెన్సర్ సొంత కనెక్టర్‌ను విడదీసి, వైరు వైపు నుంచి మాన్యువల్ చెప్పిన వోల్టేజి వస్తోందో లేదో చూడాలి. రాకపోతే లోపం వైరులోనో, దాని పైనున్న కంట్రోల్ యూనిట్ వైపో ఉంది, సెన్సర్‌లో కాదు. వస్తూ ఉంటే, సెన్సర్ తీసుకొనే కరెంటును మిల్లీ ఆంపియర్లలో చూస్తూ సీటును జరపాలి. విలువ రెండు మెట్లుగా స్పష్టంగా మారితే సెన్సర్ నిర్దోషి. వోల్టేజి సరిగా అందుతూ, ఉక్కు రేకు సరైన చోట ఉంటూ, కరెంటు మాత్రం మారకపోతే, అప్పుడు సెన్సర్ చెడిందని ధైర్యంగా చెప్పవచ్చు.

ఉక్కు రేకు సరైన చోట ఉండాలన్న మాటను తేలికగా తీసుకోకూడదు. టయోటా మాన్యువల్ సెన్సర్‌ను బిగించేటప్పుడు సీటు రైలుకూ దానికీ మధ్య 1 మిల్లీమీటరు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టి బిగించమంటుంది, బిగించాక ఆ సందు 0.6 నుంచి 1.4 మిల్లీమీటర్ల లోపు ఉండాలంటుంది. చేతి అంచనాతో బిగించే కొలత కాదు అది. మీ కారులో కొత్త సెన్సర్ వేసిన తీరు ఇక్కడ ఒకసారి పరిశీలించదగినది. కింద పడిన సెన్సర్‌ను, పైకి పగులు కనిపించకపోయినా, తిరిగి వాడకూడదు.

వైరులో లోపం దొరికితే, దాన్ని మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయనివ్వకండి. కొందరు తయారీదారులు తాము చెప్పిన జాయింటు గొట్టంతో, వేడికి ముడుచుకొనే తొడుగుతో అతకడానికి ఒప్పుకొంటారు. మరికొందరు ఎయిర్‌బ్యాగ్ వైర్లను అతకకూడదు, మొత్తం వైరింగ్ మార్చాలి అంటారు. మీ కారు మాన్యువల్‌లో ఏముందో దాన్నే పాటించమనండి. అతికిన తరువాత వైరును విరిగిన క్లిప్ చోట కొత్త క్లిప్ పెట్టి కట్టకపోతే, అదే రైలు అదే వైరును మళ్ళీ కోస్తుంది. వైరు, కనెక్టర్, సెన్సర్, సందు, ఈ నాలుగూ సవ్యమని కొలిచి చూపించిన తరువాత కూడా లోపం పోకపోతే, అప్పుడు కంట్రోల్ యూనిట్ సంగతి అడగండి. అంతవరకు ఆ ఖర్చుకు ఒప్పుకోవద్దు.

ప్రశ్న: మా కారులో డ్రైవర్ సీటు మోటారుతో జరుగుతుంది, మెమరీ బటన్ కూడా ఉంది. కొన్నాళ్ళుగా మెమరీ బటన్ నొక్కితే సీటు తన చోటికి వెళ్ళడం లేదు. పక్కనున్న స్విచ్ నొక్కి పట్టుకొన్నా కొద్దిగా జరిగి ఆగిపోతుంది. వదిలి మళ్ళీ నొక్కితే మళ్ళీ కొద్దిగా జరుగుతుంది. ఎయిర్‌బ్యాగ్ దీపం మాత్రం వెలగడం లేదు. మోటారు పోయిందంటున్నారు. ఇది కూడా పొజిషన్ సెన్సర్ లోపమేనా?
— ఒక పాఠకుడు

జవాబు: పొజిషన్ సెన్సర్ లోపమే కావచ్చు, అయితే పైన చెప్పినది కాదు, పేరు ఒకటే అయిన వేరే సెన్సర్. ఈ పేరు కలవడం వల్లే విడిభాగాల దుకాణంలో ఒకటి అడిగితే ఇంకొకటి ఇవ్వడం జరుగుతోంది. మీది మెమరీ కోసం ఉన్న సెన్సర్. సీటును జరిపే ప్రతి మోటారు ఇరుసు మీద ఒక చిన్న అయస్కాంతపు ఉంగరం ఉంటుంది, దాని ఎదుట హాల్ సెన్సర్ ఉంటుంది. మోటారు తిరుగుతున్న కొద్దీ సెన్సర్ నుంచి పల్సులు వెళుతూ ఉంటాయి, సీటు మాడ్యూల్ (సీటు మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్) వాటిని లెక్కపెట్టుకొని సీటు ఎంత దూరం వచ్చిందో తెలుసుకొంటుంది. స్విచ్ నొక్కి ఉన్నా, మోటారుకు కరెంటు పోతున్నా, పల్సులు రాకపోతే మోటారు ఎక్కడో ఇరుక్కుపోయిందని మాడ్యూల్ అనుకొంటుంది, అది కాలిపోకుండా ఆపేస్తుంది. మీరు చూస్తున్న "కొద్దిగా జరిగి ఆగడం" అదే. మోటారు నిజంగా పోయి ఉంటే ఆ కొద్దిపాటి కదలిక కూడా ఉండదు.

అయితే నిజంగా ఇరుక్కున్న సీటు కూడా ఆగిపోతుంది. రెండింటికీ తేడా చెవికి తెలుస్తుంది. రైలులో ఏదైనా అడ్డుపడితే మోటారు శబ్దం బరువెక్కి, మూలుగుతున్నట్టుగా మారి, ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంది. పల్సులు రాకపోతే శబ్దం తేలిగ్గానే ఉంటుంది, సీటు ఏ చోట ఉన్నా, ముందుకైనా వెనక్కైనా, ఇంచుమించు ఒకే వ్యవధి తిరిగి ఠక్కున ఆగుతుంది. మరొక పరీక్ష కూడా చేయండి. ముందువెనకల కదలిక ఒక్కటే ఇలా ఆగుతోందా, ఎత్తు, వీపు వాలు కూడా ఇలాగే ఆగుతున్నాయా చూడండి. ఒక్కటే అయితే ఆ ఒక్క మోటారు సెన్సర్ మీదో దాని వైర్ల మీదో అనుమానం పెట్టుకోవాలి. అన్నీ అయితే సెన్సర్లన్నీ ఒక్కసారిగా చెడవు కదా, వాటన్నింటికీ కలిసి వచ్చే విద్యుత్తు వైరునో, ఎర్త్ వైరునో, మాడ్యూల్‌నో చూడాలి.

ఈ మధ్య బ్యాటరీ మార్చి ఉంటే మాత్రం ఏదీ విప్పే ముందు యజమాని మాన్యువల్ తెరవండి. విద్యుత్తు పోయినప్పుడు కొన్ని మాడ్యూళ్ళు సీటు హద్దులను మరిచిపోతాయి. సీటును ఒక చివరి నుంచి ఇంకో చివరికి పూర్తిగా నడిపించి, అందులో చెప్పినంత సేపు స్విచ్‌ను నొక్కి పట్టుకొంటే తిరిగి నేర్చుకొంటాయి. కొన్ని సీట్లలో హాల్ సెన్సర్ బదులు పొటెన్షియోమీటర్ (పట్టీ మీద జరిగే చోటును బట్టి నిరోధం మారే పరికరం) ఉంటుంది. దానిని వోల్టేజి చూస్తూ పరీక్షించాలి: సీటు జరుగుతున్న కొద్దీ వోల్టేజి ఒక వరుసలో ఎక్కుతూనో దిగుతూనో ఉండాలి, ఒక చోట చటుక్కున సున్నాకు పడితే లోపలి పట్టీ ఆ చోట అరిగిందని అర్థం. రోజూ ఒకే డ్రైవర్ కూర్చొనే కారులో ఆ అరుగుదల సాధారణంగా ఆయన కూర్చొనే చోటనే కనిపిస్తుంది.

ప్రశ్న: సీటు పొజిషన్ సెన్సర్ బదులు ఒక రెసిస్టర్ పెడితే ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరిపోతుందని స్నేహితుడు చెప్పాడు. అలా చేయవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: చేయకూడదు. రెసిస్టర్ ఎప్పుడూ ఒకే కరెంటును పోనిస్తుంది కాబట్టి, సీటు ఎక్కడున్నా కంట్రోల్ యూనిట్‌కు ఒకే కబురు చేరుతుంది. ఆ కబురు "వెనుక" అయితే, స్టీరింగ్‌కు దగ్గరగా కూర్చొన్న మనిషి మీద సంచి పూర్తి బలంతో తెరుచుకోవచ్చు. "ముందు" అయితే, గట్టి ప్రమాదంలో దూరంగా కూర్చొన్న మనిషికి అందవలసిన రక్షణ తగ్గిపోవచ్చు. సెన్సర్ చెడి దీపం వెలుగుతున్నప్పుడు కనీసం కంట్రోల్ యూనిట్‌కు తన దగ్గర సమాచారం లేదని తెలుసు, తయారీదారు అలాంటి సందర్భానికని నిర్ణయించి పెట్టిన పద్ధతిని అది పాటిస్తుంది. రెసిస్టర్ పెట్టాక దానికి ఆ సంగతి కూడా తెలియదు. కారు రేపు ఇంకొకరి చేతికి వెళితే వారికీ తెలియదు. ఇప్పటికే పెట్టించి ఉంటే దయచేసి తీయించండి.

ప్రశ్న: కార్పెట్ ఉతకడానికి డ్రైవర్ సీటు విప్పి బయట పెట్టాను. ఆ మధ్యలో కారును ఒక అడుగు వెనక్కి జరపడానికి ఇగ్నిషన్ వేశాను. సీటును, కనెక్టర్లన్నింటినీ తిరిగి బిగించాను, అయినా ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరడం లేదు. ఏం చెడగొట్టాను?
— ఒక పాఠకుడు

జవాబు: బహుశా ఏమీ చెడగొట్టలేదు. కనెక్టర్లు విడిగా ఉండగా ఇగ్నిషన్ వేసినందువల్ల, సీటు కింది పరికరాలు ఏవీ కనిపించడం లేదని కంట్రోల్ యూనిట్ వరుసగా కోడ్‌లు రాసుకొంది. కొన్ని కార్లలో కనెక్షన్ సరి అయ్యాక కొన్నిసార్లు స్టార్ట్ చేసేసరికి దీపం ఆరుతుంది, మరికొన్నింటిలో స్కానర్‌తో చెరిపేవరకు ఆరదు. చెరిపించేటప్పుడు సైడ్ ఎయిర్‌బ్యాగ్, బెల్టు బకిల్, పొజిషన్ సెన్సర్ కోడ్‌లు మూడూ ఉన్నాయా అడగండి. మూడూ ఉండి, చెరిపాక మళ్ళీ రాకపోతే పని అయిపోయినట్టే. పొజిషన్ సెన్సర్ కోడ్ ఒక్కటే తిరిగి వస్తే, సీటును పైకి ఎత్తి దించేటప్పుడు ఆ చిన్న దిమ్మ నేలకో తలుపు అంచుకో తగిలి ఉంటుంది. దాని బ్రాకెట్ వంగిందేమో, రైలుకూ దానికీ మధ్య సందు మారిందేమో ముందుగా చూడండి. సీటు బోల్టులను కూడా మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించారో లేదో అదే పనిగా ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే ప్రమాదంలో సీటును నేలకు పట్టి ఉంచేవి ఆ నాలుగు బోల్టులే.